రెండు బిఘాల నేల - ఒక అప్పు పద్దు

1953వ సంవత్సరమున విడుదలయిన ‘దో బీఘా జమీన్’ అను హిందీ చలనచిత్రమును మనవారిలో పెద్దలు పలువురు చూచియుందురు. చూడనివారు పేరైనను వినియుందురు. దానిని గూర్చి వ్రాసినవారందరును దాని కన్నీటిని గూర్చియే వ్రాసిరి. ముప్పది సంవత్సరములు గుమాస్తాగా పద్దులు వ్రాసిన నాకు మాత్రము ఆ చిత్రము ప్రధానముగా ఒక లెక్క. ఆ లెక్క వెనుక నూటయేబది సంవత్సరముల చరిత్ర యున్నది.

మొదట కొలత చూతము. బిఘా యనునది సెంట్లు, ఎకరములు వాడు మనకు అలవాటు లేని మాట. బెంగాలు కొలత ప్రకారము ఒక బిఘా 1600 చదరపు గజములు. ఎకరము 4840 గజములు గనుక రెండు బిఘాలనగా మన లెక్కకు 66 సెంట్లు. ఒక పెద్ద రైతు కళ్లమునకును, గడ్డివాములకును విడుచునంత జాగా. శంభు మహతో అను రైతునకు, అతని భార్య పార్వతికి, ముసలి తండ్రికి, కన్హయ్య యను పిల్లవానికి ఆ 66 సెంట్లే జీవనాధారము. జమీందారు పట్టణపు వ్యాపారులతో కలిసి అచట మిల్లు కట్టదలచెను. అతని భూమి మధ్యలో శంభు చెక్క అడ్డుగా నుండెను. అమ్ముమనగా శంభు అమ్మననెను. అప్పుడు అప్పు పద్దు బయటకు వచ్చినది.

తాను ఇయ్యవలసినది 65 రూపాయలని శంభు నమ్మకము. ఇంటిలో అమ్మదగిన వస్తువులను అమ్మి ఆ సొమ్ము పట్టుకొని వెళ్లెను. లెక్కలో 235 రూపాయలుండెను! వ్యవహారము కోర్టుకెక్కెను. మూడు నెలలలో 235 రూపాయలు చెల్లింపవలెను, లేనిచో భూమి వేలమగును అని తీర్పు. న్యాయమూర్తి దుర్మార్గుడని చిత్రము చెప్పదు. అతని ముందు కాగితము కలదు. శంభు చేతిలో కాగితము లేదు. అంతే.

ఇచట చదువరులు కొంచెము ఓపిక పట్టవలెను. 235 రూపాయలను 90 దినములకు పంచినచో దినమునకు సుమారు 2 రూపాయల 10 అణాలు పడును. ఇది తినగా, అద్దె ఇయ్యగా మిగులవలసిన సొమ్ము. కలకత్తాలో చేతిరిక్షా లాగు మనిషి దినమునకు ఎనిమిదణాలు మిగిల్చినను ఆ అప్పు తీరుటకు 470 దినములు కావలెను. కన్హయ్య బూట్లకు పాలిషు పట్టి నాలుగు డబ్బులు తెచ్చినను లెక్క కుదరదు. కాబట్టియే శంభు వేగముగా పరుగెత్తెను. ఎక్కువ డబ్బిత్తునని ఒకడు ఆశపెట్టగా గుఱ్ఱమువలె రిక్షా నీడ్చెను. చక్రమూడి గాయపడెను. ఆ దృశ్యమును కేవలము కరుణరసమనుట చాలదు. అది భాగాహారము చేసిన ఫలము.

వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రములలో పూర్వమునుండి నియమమున్నది. మన మద్రాసు రాష్ట్రమునను 1938 నాటి రైతుల ఋణవిమోచన చట్టము, అసలుకు రెండింతలు చెల్లించిన రైతు అప్పు పూర్తిగా తీరినట్లే యని చెప్పెను. మంచి చట్టము. అయితే ఏ చట్టమైనను వడ్డీని పట్టుకొనగలదు గాని దొంగపద్దును పట్టుకొనలేదు. ఎరువిచ్చిన గింజలను ఎక్కువ వ్రాసి, చేసిన చాకిరిని వెట్టిలో కలిపి, చెల్లు వేయక దాచిన సొమ్మంతయు అసలు గానే కాగితమెక్కును. క్రింద వేలిముద్ర యుండును. వేలిముద్ర వేసినవానికి పైన నేమున్నదో తెలియదు. పూర్వపు దస్తావేజుల కట్టలు తిరుగవేసినవారికి ఈ సంగతి క్రొత్త కాదు.

బెంగాలున 1793లో కారన్‌వాలిసు చేసిన శాశ్వత శిస్తు ఏర్పాటు ఈ వ్యవహారమునకు పునాది. ప్రభుత్వమునకు శిస్తు స్థిరమయ్యెను గాని రైతు హక్కు స్థిరము కాలేదు. ఉత్తర సర్కారులకు 1802లో ఆ పద్ధతియే వచ్చినది. గంజామునుండి గోదావరివరకు మన పూర్వులు బ్రతికినది దానిక్రిందనే. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టమువరకు రైతునకు సాగుహక్కుపై గట్టి పూచీ లేకపోయెను.

చిత్రమునకు పేరు రవీంద్రనాథ ఠాకూరుగారి ‘దుయి బిఘా జమి’ యను కవితనుండి వచ్చినది. అందులోను ఒక పేదవాని రెండు బిఘాలను భూస్వామి తప్పుడు అప్పు సాకుతో తీసికొనును; ఆ పేదవాడు దేశములు తిరిగి వచ్చి తన చెట్టు క్రింద రాలిన మామిడిపండ్లు తీసికొనగా దొంగయనిపించుకొనును. ఠాకూరుగారిది జమీందారీ కుటుంబము. చిత్ర దర్శకుడు బిమల్ రాయ్ ఢాకా ప్రాంతపు జమీందారీ ఇంట 1909లో పుట్టినవాడు. మన తెలుగున 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన ‘రైతుబిడ్డ’ జమీందార్లకు కోపము తెప్పించి కొన్నిచోట్ల నిషేధింపబడెను గదా, దానికి పెట్టుబడి చల్లపల్లి రాజాగారిది. లెక్కలు వ్రాయించిన ఇండ్లలో పెరిగినవారికే ఆ లెక్కల రహస్యము బాగుగా తెలియునేమో.

కథ సలిల్ చౌధురిది. సంగీతమును ఆయనదే. శంభుగా నటించిన బలరాజ్ సహానీ లాహోరులో ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. చదివి, శాంతినికేతనములో పాఠము చెప్పి, లండను రేడియోలో పనిచేసిన దొరబాబు. ఇతడు పల్లెటూరి రైతెట్లగునని శంకించినవారు కలరు. ఆయన రిక్షా లాగుట నేర్చుకొనెను. కలకత్తాలో ఒక నడివయసు రిక్షావాడు కథయేమని అడుగగా సహానీ చెప్పెను. విన్నవాని కన్నులు చెమర్చెను. అతని రెండు బిఘాలును ఊరిలో జమీందారు వద్ద తాకట్టులో పడియుండెను! నాటినుండి నటించుటను గూర్చిన చింత మాని ఆ మనిషినే తనలో నిలుపుకొంటినని సహానీ తన ఆత్మకథలో తెలిపెను. చిత్రమునకు 1954లో కాన్ పట్టణపు ఉత్సవమున అంతర్జాతీయ బహుమతియు, ఆ యేడు మొదలైన ఫిలింఫేర్ బహుమతులలో ఉత్తమ చిత్రము, ఉత్తమ దర్శకత్వమను రెండును లభించెను. అవి అందరికిని తెలిసినవే.

మన సంఘమువారు ఈ చిత్రమును పరుల కథగా చూడరాదని నా అభిప్రాయము. శంభు కలకత్తాకు పోయెను. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాలవారు రంగూనుకు పోయిరి. యానాము చెంతనున్న కోరంగి రేవు పేరిట అచట తెలుగువారిని కోరంగీలనిరి. రంగూను వీధులలో చేతిరిక్షాలు లాగినవారిలో అధికులు వీరే. రేవులో మూటలు మోసినవారును వీరే. 1930 మే నెలలో రేవుకూలీల తగవు మతకలహమువలె పెరిగి మనవారు పలువురు చనిపోయిరి. 1942లో జపాను సేనలు రాగా మిగిలినవారిలో వేలమంది కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చిరి. వచ్చినవారు కొందరు బరంపురములోను, కొందరు ఇతర పట్టణములలోను నిలిచిరి. షోలాపురము, భివండీలలోని మన పద్మశాలీల త్రోవ వేరు, మగ్గము వేరు. ఊరు విడుచుటకు కారణమడిగినచో అచటను తరచుగా కరవో అప్పో వినవచ్చును. మన ఇండ్లలో తాతలు ఊరు విడుచుటను సాహసముగా చెప్పుకొందుము. సాహసమే. ఆ సాహసమునకు ముందు ఏ పద్దున్నదో, ఏ కాగితముపై ఎవరి వేలిముద్ర పడినదో అడిగి వ్రాసి పెట్టుకొన్న కుటుంబములు కొద్ది. చెప్పగలిగిన ముసలివారు ఇంకను ఒకరిద్దరుండగనే అడుగుట మంచిది. పెట్టెల అడుగున మాసిన రసీదులుండిన పారవేయవద్దు.

చిత్రము విడుదలయిన 1953లోనే పశ్చిమ బెంగాలు జమీందారీలను రద్దుచేయు చట్టము చేసినది. మద్రాసులో 1948లోను, ఒరిస్సాలో 1951లోను అట్టి చట్టములు వచ్చెను. జమీందారు పోయెను. కాని శంభు భూమిని చివరకు మ్రింగినది జమీందారు నాగలి కాదు, మిల్లు. అతడు భార్యతోను, కొడుకుతోను తిరిగివచ్చుసరికి వేలము ముగిసి, కంచె పడి, కట్టడము లేచుచుండెను. శంభు కంచెవద్ద వంగి పిడికెడు మట్టి తీసికొనెను. కావలివాడు అదలించి దానిని కూడ క్రింద పోయించెను.