ఆయుధానికి ఎన్ని జన్మలు?

దసరా సెలవులకు అరసవల్లి వచ్చిన మా మనుమరాలు ఆయుధపూజ నాడు నన్నొక చిక్కులో పడవేసింది. పీట మీద కత్తిపీట, కొడవలి, గునపం వరుసగా పేర్చి కుంకుమబొట్లు పెడుతున్నాను. తను పక్కనే కూర్చుని ఫోనులో ఏదో ఆట ఆడుకుంటున్నది.

"తాతా, నువ్వు కత్తులకు బొట్టు పెడుతున్నావు. ఈ ఆటలో కత్తులే మనుషులు" అన్నది.

ఆ ఆట పేరు 'తోకెన్ రన్బు'. 2015లో జపానులో వెలువడినదట. ఆ దేశపు పేరుమోసిన ఖడ్గాలు యువకుల రూపం దాల్చి, గతాన్ని మార్చజూసే శత్రువులతో పోరాడుతూ ఉంటాయి. వాటిలో 'మికాజుకి మునెచిక' అనే ఖడ్గం నేటికీ టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. 'ఇమానోత్సురుగి' మాత్రం అటువంటిది కాదు. 1189లో యోషిత్సునే అనే వీరుడు ప్రాణత్యాగానికి వాడినట్లు కథలు చెప్పుకొనే చిన్న కత్తి అది. ఆ రెండూ ఒకే సేనలో భుజం భుజం కలిపి నిలబడటం మా పిల్లకు నచ్చలేదు. పైగా తాను చరిత్రలో లేననీ, కథలో మాత్రమే ఉన్నాననీ ఇమానోత్సురుగి తానే తెలుసుకుంటాడట.

"లేని కత్తికి జ్ఞాపకాలెలా ఉంటాయి తాతా? మన పుస్తకాల్లో ఇలాంటి గందరగోళం ఉండదు కదా!"

నాకు నవ్వు వచ్చింది. మన పుస్తకాలలో ఇంతకు పదింతలున్నది. బొట్లు పెట్టడం ముగించి, దానికి చెప్పిన సంగతులనే కాస్త క్రమంలో పెట్టి చదువరుల ముందుంచుతున్నాను.

ఖడ్గాన్ని మనిషిగా తలచడం మనకు కొత్త కాదు. భారతం శాంతిపర్వంలో అంపశయ్య మీదనున్న భీష్ముణ్ణి నకులుడు ఖడ్గం పుట్టుక గురించి అడుగుతాడు. బ్రహ్మ చేసిన యజ్ఞంలో అగ్ని నుండి నల్లకలువ వన్నెతో, వాడికోరలతో, సన్నని నడుముతో ఒక భూతం పుట్టింది. దాని పేరు 'అసి'. తరువాతనే అది ఖడ్గరూపం పొంది రుద్రుని చేతికి వెళ్ళింది. దాని నక్షత్రం కృత్తిక, అధిదేవత అగ్ని, గోత్రం రోహిణి, గురువు రుద్రుడు. సంకల్పంలో పురోహితుడు మనను అడిగే వివరాలన్నీ ఆ కత్తికీ ఉన్నాయి! అటుపైన అది ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వెళ్ళిందో భీష్ముడు వరుసగా చెబుతాడు. విష్ణువు, ఇంద్రుడు, మనువు, ఇక్ష్వాకుడు, ఇలా సాగి సాగి ఆ వరుస ద్రోణ కృపుల మీదుగా పాండవుల దాకా వస్తుంది.

శిల్పులు కూడా ఈ మార్గంలోనే నడిచారు. విష్ణుమూర్తి పక్కన చిన్న విగ్రహాలుగా నిలిచే ఆయుధపురుషులకు శబ్దలింగాన్ని అనుసరించి రూపం కల్పించే ఆచారం ఉన్నది. 'గద' స్త్రీలింగం గనుక కౌమోదకి స్త్రీమూర్తి అయింది. 'ఖడ్గ' శబ్దం పుంలింగం గనుక నందకం పురుషుడైనాడు. వ్యాకరణం రాతికి మీసాలు మొలిపించిన సందర్భం ఇంతకంటె వేరొకటి నాకు తెలియదు.

ఇక పొంతన కుదరని చోటుకు వద్దాము. విష్ణుపురాణం ప్రకారం సంజ్ఞాదేవి సూర్యుని వేడిమికి తాళలేకపోతే, విశ్వకర్మ ఆయనను సానపట్టి తేజస్సులో ఎనిమిదవ వంతు తొలగించాడు. రాలిన ఆ తేజస్సుతోనే విష్ణువుకు చక్రమూ శివునికి త్రిశూలమూ తయారైనవి. మా ఊరి స్వామి మేనిపొడి నుండి సుదర్శనం పుట్టిందని చెప్పుకోవడం అరసవల్లి వాసిగా నాకు గర్వకారణమే. కాని శివపురాణం మరొక మాట చెబుతుంది. విష్ణువు వేయి కమలాలతో శివుని పూజిస్తూ, ఒకటి తక్కువైతే తన కన్నే పెరికి అర్పించాడు. అందుకు మెచ్చి శివుడు చక్రమిచ్చాడు. భారతం ఆదిపర్వానికి వెళ్తే, ఖాండవదహన సమయంలో కృష్ణునికి చక్రమిచ్చినవాడు అగ్ని. ఒక్క చక్రానికి మూడు పుట్టిళ్ళు!

నందకం సంగతి ఇంకా రసవత్తరం. అగ్నిపురాణంలో అది బ్రహ్మయజ్ఞంలో లోహుడనే దైత్యుణ్ణి అడ్డుకోవడానికి అగ్ని నుండి పుట్టిన పురుషుడు. దేవతలు అభినందించారు గనుక నందకుడైనాడు. తమిళదేశపు వైష్ణవులు ఆ నందకాంశతోనే పేయాళ్వారు జన్మించాడంటారు. మన తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) కూడా నందకాంశజుడేనని తెలుగువారి నమ్మకం. ఒక కత్తి ఇద్దరు కవులుగా పుట్టిందన్నమాట. విష్ణుపురాణం ఆ ఖడ్గాన్ని విద్యగానూ, ఒరను అవిద్యగానూ చెప్పింది కనుక, అది కవులుగా పుట్టడంలో అనౌచిత్యమేమీ లేదు.

వీటిలో ఏది నిజమని అడిగితే మా గురువుగారు ఒకే మాట చెప్పేవారు: "కల్పభేదం నాయనా!" ఒక కల్పంలో అలా జరిగింది, మరొక కల్పంలో ఇలా జరిగింది. చిన్నతనంలో ఇది తప్పించుకొనే మార్గంగా తోచేది. ఈ వయసులో అందులోని మర్యాద కనబడుతున్నది. ఎవరి కథనూ కొట్టివేయకుండా, ఒకదానికోసం మరొకదాన్ని దిద్దకుండా అన్నింటినీ నిలుపుకొనే ఉపాయమది. శైవుడు చక్రానికి శివుణ్ణి దాతగా చేశాడు, సౌరుడు సూర్యుణ్ణి మూలంగా చేశాడు. అక్కడ మనం అడగవలసినది ఏది నిజమని కాదు, ఏది ఎవరి భక్తి అని.

మా మనుమరాలు అంతా విని, "అయితే తాండ్ర పాపారాయుడి కత్తికి కూడా కల్పభేదమేనా?" అన్నది. అప్పుడు నేను తడబడ్డాను.

ముప్పయ్యేళ్ళు తరగతి గదిలో బొబ్బిలి కథ చెప్పినవాణ్ణి. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, పెద విజయరామరాజు బలగం కలిసి కోటను పట్టడం, రంగారావు నేలకూలడం, రాజాంలో ఉన్న పాపారాయుడు ఆలస్యంగా వార్త విని రాత్రివేళ ఒంటరిగా శత్రుశిబిరంలో ప్రవేశించి విజయరామరాజును పొడిచి, తానూ ప్రాణం విడవడం, అంతా అభినయపూర్వకంగా చెప్పేవాణ్ణి. నేను విన్న బుర్రకథల్లో ఒకరు కత్తి అంటే మరొకరు బాకు అనేవారు. 1964లో 'బొబ్బిలి యుద్ధం', 1986లో 'తాండ్ర పాపారాయుడు' చిత్రాలు వచ్చాక పిల్లలే నాకు సంభాషణలు అందించేవారు.

అయితే 1778లో వెలువడిన రాబర్టు ఓర్మ్ చరిత్రగ్రంథం రెండవ సంపుటంలో ఈ ఘట్టం వేరుగా ఉన్నది. రంగారావు పడిపోవడం చూసిన నలుగురు సైనికులు కోటలోనే దాగి, రాత్రి గోడ దిగి, అదే భాష మాట్లాడేవారు గనుక ఎవరికీ అనుమానం రాకుండా శత్రువుల నడుమ నుండి నడిచి అడవి చేరారు. మూడవనాటి రాత్రి వారిలో ఇద్దరు విజయరామరాజు గుడారంలోకి పాకి, నిద్రిస్తున్న అతణ్ణి బాకులతో పొడిచారు. దేహం మీద 32 గాయాలు. కావలివారు ఆ ఇద్దరినీ అక్కడికక్కడే కాల్చి చంపారు. వీరు విఫలమైతే తాము వెళ్ళాలని మిగతా ఇద్దరూ అడవిలో వేచి ఉన్నారు. ఓర్మ్ ఆ నలుగురిలో ఎవరి పేరూ చెప్పలేదు.

ఓర్మ్ ఆ యుద్ధాన్ని కంటితో చూసినవాడు కాదు. దొరవారు వ్రాశారు గనుక అదే వేదమనీ నేననను. కాని 1757కు రెండు కల్పాలు లేవు. ఆ రాత్రి ఆ గుడారంలో ఒక్కడుండాలి, లేదా ఇద్దరుండాలి. హంతకుడు తన చేతులతోనే చచ్చి ఉండాలి, లేదా కావలివారి చేతిలో చచ్చి ఉండాలి. సుదర్శనానికి మూడు పుట్టిళ్ళు ఉంటే ఎవరికీ అన్యాయం జరగదు. ఇక్కడ ఒక కథను ఊరకే ఒప్పుకుంటే ఒక మనిషి చెరిగిపోతాడు.

నేను ఓర్మ్ మాటను ఉద్యోగంలో ఉండగానే చదివాను. చదివి కూడా తరగతిలో ఎన్నడూ చెప్పలేదు. ఒక వీరుడు, ఒక ఆయుధం, ఒక ప్రతిజ్ఞ ఉంటే కథ బిగువుగా నిలుస్తుంది. నలుగురుంటే పలచబడుతుందని భయపడ్డాను. జపాను ఆటను చేసినవారు కనీసం లేని కత్తి చేత తాను లేనని చెప్పించారు. నేను, ఉన్నాడేమోనన్న మనిషిని సైతం లేకుండా చేశాను.

మా పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగింది: "ఆ రెండోవాడు గుడారంలోకి వెళ్ళేటప్పుడు భయపడి ఉంటాడా తాతా?"

ముప్పయ్యేళ్ళలో ఒక్క విద్యార్థి కూడా నన్ను ఈ ప్రశ్న అడగలేదు. అడగగలిగేలా నేను చెప్పలేదు.

ఇకమీదట ఎవరైనా పిల్లలు బొబ్బిలి కథ అడిగితే పాపారాయుణ్ణి తీసివేయను. జనం గుండెల్లో ఇన్నాళ్ళు నిలిచినవాణ్ణి తీసివేయడానికి నేనెవణ్ణి? ఆయన కథ చెప్పి, ఇది పాట చెప్పే మాట అంటాను. ఆ తరువాత అడవిలో దాగిన నలుగురి సంగతీ చెప్పి, ఇది గ్రంథం చెప్పే మాట అంటాను. రెండూ ఒకే రాత్రి జరిగి ఉండలేవని కూడా చెబుతాను.