అట్లాంటిక్ అవతలి వెలివాడలు – 6: తలుపు దగ్గర నిలబడేది ఎవరు?

పోయిన వారం క్లాసు అయిపోయాక డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడొకడు నా వెంటే స్టాఫ్ రూమ్ దాకా వచ్చాడు. మన పిల్లవాడే. బాగా చదువుతాడు, బాగా వాదిస్తాడు. "మేడమ్, ప్రభుత్వం అంటేనే బలవంతం కదా. పోలీసు దానిదే, జైలు దానిదే. మనవాళ్లను ఎక్కువగా కొట్టింది కూడా అదే. మరి మనం ఎప్పుడూ ప్రభుత్వం రావాలి, చట్టం రావాలి అంటాం ఎందుకు? అది తప్పుకుంటే మనమే బాగుపడతాం కదా?" అన్నాడు. అమెరికా లిబర్టేరియన్ల వీడియోలు చూస్తున్నాడట.

వెంటనే కొట్టిపారేయలేకపోయాను. అందులో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో, మిగతా సగం ఏదో తేల్చుకోవడానికే ఈ భాగం. పోయిన భాగంలో చెప్పుకుందామనుకున్న విషయాన్ని పక్కన పెట్టి 1964లోకి వెళ్దాం.

ముందు వాళ్ల వాదనను వాళ్ల బలంతోనే చెప్పుకుందాం. మనిషికి తన శరీరం మీద, తన కష్టం మీద, తన ఆస్తి మీద హక్కుంది. ఇంకొకరికి హాని చేయనంత వరకు రాజ్యం అతని జోలికి రాకూడదు. జాత్యహంకారం నీచమే, కానీ నీచమైన ఆలోచన ఉన్నంత మాత్రాన రాజ్యం ఒకరి కొట్టులోకి దూరకూడదు. అసలు దక్షిణాదిలో వివక్షను చట్టం చేసింది రాజ్యమే కదా అంటారు. ఈ మాటకు చరిత్రలో ఆధారం ఉంది. లూసియానా రాష్ట్రం 1890లో రైళ్లలో తెల్లవారికీ నల్లవారికీ వేరు పెట్టెలు ఉండాలని చట్టం చేసింది. రైలు కంపెనీకి ఆ చట్టం ఇష్టం లేదు. అదనపు పెట్టెలంటే అదనపు ఖర్చు. 1892 జూన్ 7న హోమర్ ప్లెసీ తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయినప్పుడు ఆ కంపెనీ లోపాయికారీగా ఉద్యమకారులకే సహకరించింది. 1896లో సుప్రీంకోర్టు 7–1తో ఆ చట్టాన్ని నిలబెట్టింది. లాభం చూసుకునే కంపెనీ వేరుచేయడం వద్దంది, ప్రజల పేరిట నడిచే ప్రభుత్వం చేసి తీరాలంది. ఇది వాళ్ల వాదనలో నిజమున్న సగం.

ఇక 1964. పౌరహక్కుల చట్టం సెనేట్ ముందుకు వచ్చింది. ఆరిజోనా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ దాన్ని వ్యతిరేకించాడు. ఆయన్ని మామూలు జాత్యహంకారిగా లెక్కగడితే మనకు పాఠం దొరకదు. ఫీనిక్స్‌లో నల్లజాతి హక్కుల సంఘంలో సభ్యుడు. ఆరిజోనా ఎయిర్ నేషనల్ గార్డ్‌లో వేరుచేయడాన్ని ఎత్తేయించినవాడు. 1957 పౌరహక్కుల చట్టానికి ఓటేసినవాడు. 1964 చట్టంలో ఆయన అభ్యంతరమంతా రెండు అధ్యాయాల మీద. ఒకటి హోటళ్లు, రెస్టారెంట్లు, థియేటర్లలో వివక్ష కూడదన్న రెండో అధ్యాయం. ఇంకొకటి ఉద్యోగాల్లో వివక్ష కూడదన్న ఏడో అధ్యాయం. ప్రైవేటు యజమాని ఎవరికి అన్నం పెట్టాలో, ఎవరికి పని ఇవ్వాలో చెప్పే అధికారం కేంద్రానికి లేదన్నాడు. జూన్ 19న సెనేట్‌లో చట్టం 73–27తో నెగ్గింది. ఆ 27లో ఆయన ఒకడు.

ఆ ఏడాదే అధ్యక్ష ఎన్నిక. గోల్డ్‌వాటర్ చిత్తుగా ఓడాడు. గెలిచింది ఆరు రాష్ట్రాల్లో. ఒకటి సొంత ఆరిజోనా. మిగతా ఐదూ మిసిసిపీ, అలబామా, జార్జియా, లూసియానా, దక్షిణ కెరోలినా. మిసిసిపీలో ఆయనకు పడిన ఓట్లు 87 శాతం. అప్పటికి అక్కడి నల్లజాతి వయోజనుల్లో ఓటరు జాబితాకెక్కినవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. ఆయన మాట్లాడింది స్వేచ్ఛ గురించి. అక్కడ దాన్ని విన్నవాళ్లకు వినపడింది వేరే. ఒక సిద్ధాంతాన్ని కొలవాలంటే చెప్పినవాడి మనసొక్కటే చూస్తే చాలదు, ఆ మాట ఎవరి చేతిలో కర్రగా మారిందో కూడా చూడాలి.

జులై 2న చట్టం మీద సంతకం పడింది. వెంటనే అట్లాంటాలో హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ యజమాని మోర్టన్ రోల్‌స్టన్ కోర్టుకెక్కాడు. 216 గదుల మోటెల్. వచ్చేవాళ్లలో ముప్పావు వంతు వేరే రాష్ట్రాలవాళ్లు. ఆయన లాయరే, తన కేసు తానే వాదించుకున్నాడు. ఆయన చేసిన వాదనల్లో ఒకటి వినండి. నల్లవారికి గది ఇవ్వమని తనను బలవంతం చేయడం వెట్టిచాకిరీ కిందికి వస్తుందట, అది రాజ్యాంగం 13వ సవరణకు విరుద్ధమట. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన సవరణ అది. బానిసల మనవలను గుమ్మం దాటనివ్వకుండా ఉండేందుకు బానిసల విముక్తి పత్రాన్నే అడ్డం పెట్టుకున్నాడు. డిసెంబర్ 14న తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా ఆయన వాదన కాదన్నారు.

అదే రోజు ఇంకో తీర్పు వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో ఒల్లీస్ బార్బెక్యూ అనే రెస్టారెంట్. అందులో పనిచేసేవాళ్లు 36 మంది, వాళ్లలో మూడింట రెండు వంతులు నల్లవారు. నల్లవాళ్లు వండొచ్చు, వడ్డించొచ్చు. పొట్లం కట్టించుకుని బయటికి పట్టుకుపోవచ్చు. లోపల కూర్చుని తినకూడదు. మన దగ్గర ఇది తలకిందులు. మన చెయ్యి తగిలిన అన్నమే మైల. బడిలో మధ్యాహ్న భోజనం దళిత స్త్రీ వండితే పిల్లల్ని తినొద్దనే ఊళ్లు మనకు కొత్త కాదు. జాతి, కులం ఒకటి కాదు. ఒకచోట గీత కుర్చీ దగ్గర ఉంది, ఇంకోచోట గరిటె దగ్గర. రెండు చోట్లా గీత గీసింది ప్రైవేటు యజమానే, రెండు చోట్లా దాని పేరు "మా ఇష్టం".

మా నాన్న ఊళ్లో టీకొట్టు ఉండేది. మా వాళ్ల గ్లాసులు బయట చూరుకింద మేకుకు వేలాడుతుండేవి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే తగిలించి రావాలి. అలా చేయమని ఏ చట్టమూ లేదు. చేయకూడదని మాత్రం రాజ్యాంగం 1950 నుంచీ చెబుతోంది. 15వ అధికరణం రెండో భాగం తీసి చదవండి. కొట్లు, హోటళ్లు, బావులు, చెరువులు పేరుపేరునా ఉంటాయి. అమెరికా కాంగ్రెస్ 1964లో చేసిన పని బాబాసాహెబ్ బృందం పద్నాలుగేళ్ల ముందే రాసిపెట్టింది. 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో చదువుకున్న మనిషికి, ప్రభుత్వం ఊరికే ఉన్నంత మాత్రాన హోటల్ తలుపు తెరుచుకోదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ లిబర్టేరియన్ మిత్రుడు ఒక మాట అడుగుతాడు. వివక్ష చట్టాలు ఎత్తేస్తే చాలు కదా, మిగతాది మార్కెట్ చూసుకుంటుంది, అందరికీ అమ్మేవాడికే లాభం కదా అని. దీనికి జవాబు మిసిసిపీలోని యాజూ సిటీలో ఉంది. 1955లో బడుల్లో వేరుచేయడం ఆపాలని అక్కడి నల్లవారు 53 మంది అర్జీ మీద సంతకాలు పెట్టారు. తెల్లవారి సిటిజన్స్ కౌన్సిల్ ఆ పేర్లను పత్రికలో ప్రకటనగా వేయించింది. అంతే. ఉద్యోగాలు పోయాయి, అప్పులు పుట్టలేదు, కొట్లలో సరుకులు ఇవ్వలేదు. కొద్ది నెలల్లో దాదాపు అందరూ సంతకాలు వెనక్కి తీసుకున్నారు. ఒక్క పోలీసు లాఠీ ఎత్తలేదు. ఒక్క కొత్త చట్టం రాలేదు. ప్రతి యజమానీ తన ఒప్పంద స్వేచ్ఛనే వాడుకున్నాడు. దీన్ని మన భాషలో ఏమంటారో మీకు తెలుసు. సాంఘిక బహిష్కరణ. కట్టుబాటు తప్పి నల్లవాడికి సరుకు అమ్మే తెల్ల కొట్టువాడికీ అదే శిక్ష. ఊరంతా ఒక్కటైనచోట మార్కెట్ కూడా ఊరి మాటే వింటుంది.

ఇంకో సంగతి. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు వూల్‌వర్త్ స్టోర్ లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్నారు. అదే స్టోర్ వాళ్లకు టూత్‌పేస్ట్ అమ్మింది, కాఫీ మాత్రం పోయనంది. ఆ తర్వాత దక్షిణాది అంతటా అలా కూర్చున్న వేలమందిని అరెస్టు చేసింది ఎవరు? పోలీసులు. ఏ నేరం కింద? చాలా చోట్ల ఆస్తిలోకి అక్రమ ప్రవేశం కింద. అంటే రాజ్యం ఆ రెస్టారెంట్‌లో ముందునుంచే ఉంది, యజమాని వైపు నిలబడి ఉంది. "రాజ్యం లోపలికి రాకూడదు" అనేవాడు నిజానికి అడిగేది రాజ్యం తన పక్క నుంచి కదలకూడదనే.

ఇప్పటిదాకా విని, అయితే రాజ్యమే మన దిక్కు అనుకుంటే అదీ పొరపాటే. అదే 1964కి మళ్లీ రండి. జనవరిలో వాషింగ్టన్‌లోని విల్లర్డ్ హోటల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ దిగిన గదిలో ఎఫ్‌బీఐ రహస్యంగా మైకులు పెట్టింది. నవంబర్‌లో, ఆత్మహత్య చేసుకొమ్మని సూచించే ఆకాశరామన్న ఉత్తరం ఆయనకు పంపింది. జులైలో నల్లవాడికి హోటల్ తలుపు తెరిచిన ప్రభుత్వమూ, అతని హోటల్ గది గోడకు చెవి పెట్టిన ప్రభుత్వమూ ఒక్కటే.

1969 డిసెంబర్ 4 తెల్లవారుజామున చికాగోలో పోలీసులు ఫ్రెడ్ హాంప్టన్ ఇంటి మీద పడ్డారు. బ్లాక్ పాంథర్ నాయకుడు, 21 ఏళ్లవాడు. మంచం మీదే చంపేశారు. మార్క్ క్లార్క్ కూడా చనిపోయాడు. పోలీసులు కాల్చింది 90కి పైగా తూటాలు, లోపలినుంచి వచ్చింది ఒక్కటి. ఇంటి నక్షా ఎఫ్‌బీఐకి చేరవేసింది పార్టీలోనే ఉన్న ఇన్‌ఫార్మర్. 1971 మార్చి 8న పెన్సిల్వేనియాలోని మీడియా అనే ఊళ్లో కొందరు మామూలు పౌరులు ఎఫ్‌బీఐ ఆఫీసు తలుపు పగలగొట్టి ఫైళ్లు బయటపెట్టకపోతే, కోయిన్‌టెల్‌ప్రో అనే పేరు లోకానికి ఎప్పుడు తెలిసేదో.

ఇలాంటి చోట లిబర్టేరియన్ల మాట మనకు పనికొస్తుంది. రాండ్ పాల్ సంగతే చూడండి. 2010లో కెంటకీ నుంచి సెనేట్‌కు పోటీ చేస్తూ, 1964 చట్టంలో ప్రైవేటు వ్యాపారాలకు సంబంధించిన భాగం తనకు మింగుడుపడదన్నట్టు మాట్లాడాడు. గొడవయ్యాక, తానుంటే ఆ చట్టానికి ఓటేసేవాణ్నే అన్నాడు. పదేళ్ల తర్వాత అదే రాష్ట్రంలోని లూయివిల్‌లో పోలీసులు అర్ధరాత్రి తలుపు బద్దలుకొట్టి వచ్చి బ్రెయోనా టేలర్‌ని కాల్చి చంపినప్పుడు, అలాంటి నో–నాక్ వారెంట్లు ఉండకూడదని ఆమె పేరుతో బిల్లు పెట్టినవాడూ ఆయనే. ఒకే సూత్రం ఒకసారి మనకు అడ్డంగా నిలబడింది, ఒకసారి మన పక్కన. మరి మనం ఏ వైపు?

మన నేల మీదికే రండి. 1985 జులై 17న కారంచేడులో రాజ్యం ఎక్కడుంది? రాలేదు. ఆ నెత్తురు మీద లేచిన పోరాటమూ తోడై 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరు. ప్రత్యేక కోర్టు ఊళ్లోనే పెట్టించుకున్నాం, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. రాజ్యం లేకపోతే ఊరు చంపుతుంది. రాజ్యాన్ని దాని మానాన వదిలేస్తే అదీ ఊరి మాటే వింటుంది.

ఆ కుర్రాడికి చివరికి నేను చెప్పింది ఇదీ. నువ్వు రాజ్యాన్ని అనుమానించు, అది మంచి అలవాటు. అనుమానాన్ని పోలీస్ స్టేషన్ గడప దగ్గరే ఆపకు, టీకొట్టు గడప దాకా, కంపెనీ హెచ్‌ఆర్ గది దాకా, అద్దె ఇంటి ఓనరు గుమ్మం దాకా తీసుకెళ్లు. ఎవడైనా "ప్రభుత్వం తప్పుకోవాలి" అంటే వెంటనే అవుననకు, కాదనకు. అది తప్పుకున్నాక తలుపు దగ్గర ఎవరు నిలబడతారో అడుగు. నిఘా పెట్టేవాడు, లాఠీ ఎత్తేవాడు తప్పుకోవాలా? తప్పుకోవాల్సిందే, గట్టిగా అరువు. గ్లాసు చూరుకింద వేలాడదీసేవాడిని అడిగేవాడు తప్పుకోవాలా? అప్పుడు అక్కడ మిగిలేది స్వేచ్ఛ కాదు, ఆ కొట్టువాడు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేడమ్, మా ఊళ్లో ఇప్పుడు పేపర్ కప్పులు వాడుతున్నారు, అందరికీ ఒకటే" అన్నాడు. "బెంచీ కూడా ఒకటేనా?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

మీ ఊళ్లో బెంచీ సంగతి కామెంట్లలో రాయండి. వచ్చే భాగంలో పోయినసారి మాటిచ్చిన విషయానికే వద్దాం.

జై భీమ్.