కారు వాకిట్లో, కరెంటు గదిలో

కరెంటు పోగానే విసనకర్ర వెతుక్కుంటూ విసుక్కుంటాం. అసలు కరెంటే లేని చోట ఎక్స్‌రే తీయాల్సి వస్తే? 1914లో ఆ చిక్కు విప్పిన ఆవిడ, రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ.

ఆ ఏడు ఆగస్టులో జర్మనీ ఫ్రాన్సు మీదికి దండెత్తింది. ఒంట్లో గుండ్లూ, ఫిరంగి ముక్కలూ దిగిన సైనికులు ఆసుపత్రులకు వచ్చిపడుతున్నారు. గుండు ఎక్కడుందో తెలీక డాక్టర్లు గాయాన్ని కెలికి వెతికేవారు. పాపం, ఆ బాధ ఎలా ఓర్చుకున్నారో! ఎక్స్‌రే 1895లోనే వచ్చింది గాని, ఆ యంత్రాలు పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లో ఉండేవి. యుద్ధరంగం దగ్గర చాలాచోట్ల యంత్రమూ లేదు, కరెంటూ లేదు.

గాయపడ్డవాణ్ణి కదల్చలేకపోతే యంత్రమే కదలాలి కదా! మేరీ ఒక కారులో ఎక్స్‌రే సామానంతా సర్దించి, దానికో డైనమో పెట్టించింది. దారిపొడుగునా చక్రాల్ని తిప్పిన ఇంజనే, బండి ఆగాక డైనమోని తిప్పుతుందన్నమాట. సైకిలు చక్రం రాసుకుని దీపం వెలగడం చూశాంగా, ఇదీ అంతే. కాకపోతే కాళ్ళు తొక్కే బదులు పెట్రోలు.

కారు ఆసుపత్రి వాకిట్లో ఆగేది. కిటికీలోంచి తీగ లోపలికి లాగేవారు. డ్రైవరు ఇంజను ఆగకుండా చూస్తూ బయటే ఉండేవాడు. లోపల నల్ల తెరలు దించి చీకటి చేస్తే, ఎముకల మధ్య గుండు నల్లగా కనబడేది.

మొదటి కారుకి డబ్బిచ్చింది ఫ్రెంచి మహిళా సంఘం. తరవాత మేరీ కలిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కార్లు అడిగి తెచ్చింది. అలా ఇరవై దాకా తయారయ్యాయి. సిపాయిలు వాటికి ముద్దుగా ‘చిన్న క్యూరీలు’ అని పేరు పెట్టుకున్నారు. డ్రైవరు దొరకనప్పుడు ఆగిపోవడం ఇష్టంలేక, 1916లో ఆవిడే లైసెన్సు తీసుకుంది. టైరు మార్చడం, కార్బురేటరు శుభ్రం చేయడం కూడా నేర్చుకుంది. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న మనిషి!

కూతురు ఐరీన్‌కి యుద్ధం మొదలైనప్పుడు నిండా పదిహేడేళ్ళు లేవు. ఆ పిల్ల బెల్జియం యుద్ధరంగంలో, గుండు ఏ కోణంలో ఉందో లెక్కకట్టి ఓ సైనిక డాక్టరుకి చెప్పింది. ఆయన వినకుండా తన దారిన వెతికాడు, దొరకలేదు. చివరికి ఐరీన్ చెప్పిన వైపు చూస్తే వెంటనే దొరికింది! ఆ తరవాత తల్లీకూతుళ్ళు పారిస్‌లో సుమారు 150 మంది ఆడవాళ్ళకి ఈ పని నేర్పించారు.

అయితే ఆ కిరణాలకి అడ్డుగా ఇప్పటిలాంటి రక్షణ అప్పట్లో లేదు. మేరీ 1934లో రక్తం ఊరకపోయే జబ్బుతో పోయింది. 1956లో ఐరీన్ రక్త కేన్సరుతో పోయింది. 1995లో మేరీ శవపేటికను పరీక్షిస్తే, భయపడినంత రేడియం ప్రభావం కనబడలేదు. ఆవిడ ప్రాణం తీసింది బహుశా యుద్ధకాలంలోని ఆ ఎక్స్‌రేలేనని నిపుణులు అనుకున్నారు.