బర్మా నుండి వచ్చిన మనవారు

శ్రీకాకుళం తీరపు పల్లెలకు రంగూను ఒకప్పుడు పొట్టకూటి ఊరు. కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో ఓడ ఎక్కి, అక్కడి మిల్లులలో, రేవులో కూలిపని చేసేవారు.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది భారతీయులు అడవిదారుల నడచి వచ్చారు. వేలమంది దారిలోనే కన్నుమూశారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో ఆ ప్రభుత్వం దుకాణములను జాతీయం చేసి, పెద్ద నోట్లను రద్దుచేసింది. కూడబెట్టినది పోయి, కట్టుబట్టలతో ఓడ దిగిన తెలుగువారిలో కొందరికి విశాఖ కంచరపాలెంలో ఆశ్రయం దొరికింది. అదే బర్మా క్యాంపు.

1978లో వియత్నాం పడవ శరణార్థులకు మలేసియాలోని బిడాంగ్ దీవిలో శిబిరం వెలసింది. వారు పరదేశం చేరిన శరణార్థులు. మనవారు స్వదేశమునకే శరణార్థులై వచ్చారు. శిబిరం పోయి వాడ వెలసినా పేరు నిలిచింది. కనుక పరదేశిని చేర్చుకొనుమన్న ప్రభువు ఆజ్ఞ మనకు దూరదేశపు మాట కాదు.