సాలీడు దారం తీసే పట్టుపురుగు

సాలీడు జన్యువును చొప్పించినందున, సాలీడు దారపు ప్రోటీన్లను తన పట్టులో కలిపి గూడు కట్టే మల్బరీ పట్టుపురుగు ఇది. శాస్త్రీయ నామం బాంబిక్స్ మోరీ. మామూలు పట్టుపురుగులాగే మల్బరీ ఆకు తింటుంది, నాలుగు జ్వరాలు (పొర విడిచే దశలు) దాటుతుంది, చంద్రికలనే తట్టల మీద గూడు అల్లుతుంది. తేడా అంతా పట్టుగ్రంథిలో తయారయ్యే ద్రవంలోనే.

సాలీడు జారి పడకుండా ఆధారంగా వదిలే దారాన్ని డ్రాగ్‌లైన్ అంటారు. దానిలోని స్పైడ్రాయిన్ ప్రోటీన్ల వల్ల అది సాగుతుంది, సాగినా త్వరగా తెగదు. కానీ సాలీళ్లను మందలుగా పెంచడం కుదరదు, ఒకదాన్నొకటి తినేస్తాయి. మడగాస్కర్‌లో 12 లక్షల సాలీళ్లను పట్టి, దారం తీసి వదిలేసి, ఒక్క పైవస్త్రం నేశారు. 2012లో దాన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రదర్శించారు. పట్టుపరిశ్రమ ఆ దారిన నడవదని చెప్పడానికి ఆ లెక్క ఒక్కటి చాలు.

బ్యాక్టీరియాలోనూ మేకపాలలోనూ ఈ స్పైడ్రాయిన్ ప్రోటీన్‌ను తయారు చేశారు. చిక్కు ఆ తర్వాత వచ్చింది: ప్రోటీన్ చేతికొచ్చినా దాన్ని దారంగా వడకాలి కదా! పట్టుపురుగుకు ఆ విద్య పుట్టుకతోనే ఉంది. గ్రంథిలో చిక్కటి ద్రవంగా ఉన్న పట్టు ప్రోటీన్ ఫైబ్రాయిన్ సన్నని నాళంలో ముందుకు కదులుతూ నీటిని కోల్పోతుంది, ఆమ్లత పెరుగుతుంది. పురుగు తల ఊపుతూ లాగేసరికి అణువులు వరసకట్టి గట్టిపడతాయి, పైన సెరిసిన్ జిగురు పూత ఉంటుంది. ఒక్కో గూటిలో సుమారు కిలోమీటరు దారం ఉంటుంది. ఇంత నేర్పున్న యంత్రాన్ని మనిషి ఇంకా కట్టలేదు.

2000లో జపాన్ శాస్త్రవేత్త తోషికి తమురా బృందం పట్టుపురుగులో జన్యువును వంశపారంపర్యంగా నిలిచేలా చొప్పించగలిగింది. అందుకు వాడిన సాధనం పిగ్గీబ్యాక్ అనే దూకే జన్యుఖండం. అప్పుడే పెట్టిన గుడ్లలోకి సన్నని సూదితో డీఎన్‌ఏ ఎక్కిస్తారు. తర్వాతి తరంలో, గుర్తుగా చేర్చిన మెరిసే ప్రోటీన్ వల్ల కళ్లు మెరిసే పురుగులను ఏరి, అవే జన్యువు అందుకున్నవని గుర్తిస్తారు.

ఇలాంటి పట్టును ‘సాలీడు పట్టు’ అనేముందు అందులో సాలీడు వంతు ఎంతో అడగాలి. 2012లో మాల్కమ్ ఫ్రేజర్, రాండీ లూయిస్, డొనాల్డ్ జార్విస్ తదితరులు అమెరికాలో వెలువరించిన ఫలితాల్లో ఆ వంతు 2 నుంచి 5 శాతమే. అయినా ఆ దారం సహజ డ్రాగ్‌లైన్ అంత దృఢంగా ఉంది. 2014లో జపాన్ శాస్త్రవేత్తల పట్టులో అది ఒక శాతం కూడా లేదు, దృఢత్వం మాత్రం 53 శాతం పెరిగింది. ఆ పట్టుతో మామూలు యంత్రాల మీదే చొక్కా పైన తొడిగే వెస్ట్, స్కార్ఫ్ తయారు చేశారు. కాస్తంత ప్రోటీన్ ఇంత మార్పు తేవడమే ఈ పరిశోధనలో అన్నిటికంటే ఆశ్చర్యకరం. 2018లో చైనా బృందం ఫైబ్రాయిన్ జన్యువు ఉన్న చోటే సాలీడు జన్యువును పెట్టి, వంతును 35 శాతానికి చేర్చింది.

2023లో షాంఘై డోంగ్‌హువా విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రిస్పర్ అనే జన్యుసవరణ పద్ధతిలో, అరేనియస్ వెంట్రికోసస్ అనే సాలీడు తాలూకు చిన్న ప్రోటీన్‌ను ఎంచుకున్నారు. ఆ దారం బలం 1,299 మెగాపాస్కల్స్. ఘనమీటరుకు 319 మెగాజౌళ్ల శక్తిని తట్టుకుంది. తూటా కవచాల్లో వాడే కృత్రిమ దారం కెవ్లార్‌తో పోల్చి ‘ఆరు రెట్లు’ అన్న మాట అక్కడిదే. అది దృఢత్వానికి, అంటే తెగేలోపు ఇముడ్చుకునే శక్తికి సంబంధించిన లెక్క. లాగుడు బలంలో కెవ్లారే ముందుంది. ఈ రెంటినీ కలిపేస్తే తూటాలు ఆపే కవచాల గురించి లేనిపోని ఆశలు పుడతాయి.

తెలుగునేలకు ఈ విద్య కొత్తది కాదు. హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ (సీడీఎఫ్‌డీ)లో జె. నాగరాజు బృందం బాక్యులోవైరస్ రోగాన్ని తట్టుకునే జన్యుమార్పిడి పట్టుపురుగులను రూపొందించింది. అక్కడి లక్ష్యం కొత్త దారం కాదు, రోగంతో రైతు తట్టల్లోనే చచ్చిపోతున్న పురుగును బతికించడం.

వేల ఏళ్ల పెంపకంలో పట్టుచిలుక ఎగరడం మరిచింది, మనిషి ఆకు వేయకపోతే పురుగు బతకదు. అందువల్ల మార్చిన జన్యువు బయటికి వ్యాపించే భయం తక్కువ. అయితే జపాన్, చైనాల్లో దానితో జతకట్టగల అడవి జాతి బాంబిక్స్ మాండరీనా ఉంది కాబట్టి, అక్కడ చిలుకలు బయటపడకుండా జాగ్రత్త పడక తప్పదు.