పూసల పరీక్ష

పూసల పరీక్ష అనేది, ఒక మనిషి ఎంత ఆధారం చూశాక ‘ఇక చాలు, తేలిపోయింది’ అనుకుంటాడో కొలిచే మనస్తత్వశాస్త్ర ప్రయోగం. ఎద్దు ఈనిందని ఎవరో అంటే దూడను కట్టెయ్యమనే తొందరపాటు తెలుగువారికి సామెతగా తెలిసిందే. ఆ తొందరకు ఒక అంకె కట్టడమే ఈ పరీక్ష చేసే పని. దీని మూలాలు 1960లలో అమెరికాలో సంభావ్యత అంచనాల మీద జరిగిన పరిశోధనల్లో ఉన్నాయి. 1988లో లండన్ పరిశోధకులు దీన్ని మానసిక వైద్య రంగంలోకి తెచ్చారు. భ్రమలకు, అంటే ఎంత నచ్చజెప్పినా వదలని నిరాధార నమ్మకాలకు లోనైనవారి ఆలోచనా తీరును పరిశీలించడానికి అప్పటి నుంచి దీన్ని విస్తారంగా వాడుతున్నారు. మనుషులు తమ అంచనాలు మార్చుకోవడంలో మరీ నెమ్మది అని చూపిన ప్రయోగమే తర్వాతి తరం చేతిలో తొందరపాటుకు కొలబద్ద కావడం దీని చరిత్రలోని విశేషం.

జరిగే తీరు

పరీక్షకుడు రెండు జాడీలు చూపిస్తాడు. ఒక్కోదానిలో వంద పూసలు. మొదటి జాడీలో 85 ఎర్రవి, 15 నీలివి ఉంటే, రెండోదానిలో 85 నీలివి, 15 ఎర్రవి. తర్వాత జాడీలను కనపడకుండా పెట్టి, వాటిలో ఒకదాన్ని ఎంచుకున్నానని, ఇకపై తీసే పూసలన్నీ అందులోవేనని చెబుతాడు. ఒక పూస తీసి చూపించి, తిరిగి అందులోనే వేస్తాడు. ‘ఇంకొకటి చూస్తారా, ఏ జాడీయో చెప్పేస్తారా?’ అని అడుగుతాడు. ఎన్ని పూసలు కావాలన్నా అడగవచ్చు, సాధారణంగా ఇరవై దాకా. తొందరేమీ లేదని కూడా ముందే చెబుతారు. నిజానికి పూసలు యాదృచ్ఛికంగా రావు. పాల్గొనేవారందరికీ ఒకే వరుస కనపడేలా క్రమాన్ని ముందే నిర్ణయిస్తారు.

ఎన్నో పూస దగ్గర జవాబు చెప్పారన్నదే ఫలితం. ఒకటి రెండు పూసలకే తేల్చేస్తే దాన్ని తొందరపాటు నిర్ణయంగా లెక్కించడం ఆనవాయితీ అయింది. ఇంకో రకంలో ఆగే ప్రశ్నే ఉండదు. ప్రతి పూస చూశాక ఇది ఫలానా జాడీ కావడానికి ఎంత అవకాశముందో చెబుతూ పోవాలి.

దీని వెనకున్న లెక్కకు ఆధారం, కొత్త ఆధారం కనపడినప్పుడల్లా అంచనాను ఎంత మార్చుకోవాలో చెప్పే బేయస్ సూత్రం. మొదట ఎర్రపూస వస్తే అది ఎర్రవి ఎక్కువున్న జాడీ కావడానికి 85 శాతం అవకాశం ఉంది. రెండోదీ ఎరుపైతే అది 97 శాతానికి, మూడోదీ ఎరుపైతే 99 శాతం పైకి పోతుంది. జాడీల్లో పూసలు 60, 40 చొప్పున ఉంటే మాత్రం రెండు ఎర్రపూసలు వరసగా వచ్చినా దక్కే భరోసా 69 శాతమే. అక్కడ 97 శాతానికి చేరాలంటే నీలివాటి కంటే ఎర్రవి తొమ్మిది ఎక్కువ కనపడాలి. అందువల్ల రెండు పూసలకే జవాబు చెప్పడం 85, 15 జాడీల విషయంలో ఇంచుమించు సబబే, 60, 40 జాడీల విషయంలో మాత్రం గుడ్డి ఊహ.

పూర్వరంగం

ఆధారం లేని ఊహలను పరీక్షకు పెట్టే ప్రయత్నాలు పూసల పరీక్షకు ముందే మొదలయ్యాయి. 1950లలో అమెరికాకు చెందిన విలియం హేనీ ఒక చిన్న కథ ఇచ్చి, దాని గురించిన వాక్యాలు నిజమా, అబద్ధమా, తెలియదా అని గుర్తించమనే పరీక్ష తయారుచేశాడు. దుకాణంలో దీపాలు ఆర్పగానే ఒకతను వచ్చి డబ్బు అడిగాడని కథలో ఉంటుంది. చదివినవాళ్లు అతను దొంగేనని ధీమాగా చెబుతారు. కథలో మాత్రం దొంగ అనే మాటే ఉండదు. చాలా వాక్యాలకు సరైన జవాబు ‘తెలియదు’ అన్నదే.

1960లో లండన్‌లో పీటర్ వేసన్ 29 మంది విద్యార్థులకు 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి, వాటి వెనకున్న నియమాన్ని కనుక్కోమన్నాడు. వాళ్లు తమకు తోచిన అంకెలు చెబితే, అవి నియమానికి సరిపోతాయో లేదో అతను చెబుతాడు. నియమం చాలా సులువైనది: అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. చాలామంది రెండేసి పెరగాలనుకుని, 8, 10, 12 లాంటివే చెప్పి, ఔననిపించుకుని, తప్పు నియమం ప్రకటించారు. మొదటిసారికే సరిగ్గా చెప్పినవారు ఆరుగురే.

పూసల పరీక్ష నేరుగా వచ్చింది మాత్రం మిషిగన్ విశ్వవిద్యాలయంలో వార్డ్ ఎడ్వర్డ్స్ బృందం చేసిన పని నుంచి. లారెన్స్ ఫిలిప్స్‌తో కలిసి అతను 1966లో ప్రచురించిన ప్రయోగాల్లో పూసలకు బదులు పేకాటలో వాడే బిళ్లలు, జాడీలకు బదులు సంచులు ఉండేవి. ఎడ్వర్డ్స్ తరచూ చెప్పిన ఉదాహరణ ఇది: ఒక సంచిలో 700 ఎర్రబిళ్లలు, 300 నీలివి, ఇంకోదానిలో 300 ఎర్రవి, 700 నీలివి. ఏదో ఒక సంచిలోంచి పన్నెండు సార్లు తీస్తే ఎనిమిది ఎర్రవి, నాలుగు నీలివి వచ్చాయి. అది ఎర్రవి ఎక్కువున్న సంచి కావడానికి అవకాశం 97 శాతం. జనం మాత్రం 70, 80 శాతం దగ్గరే ఆగిపోయేవారు. చేతిలో ఉన్న ఆధారానికి తగినంత విలువ ఇవ్వని ఈ ధోరణికి ఎడ్వర్డ్స్ సంప్రదాయవాదం అని పేరు పెట్టాడు.

లండన్ ప్రయోగం

1988లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీకి చెందిన ఎస్. ఎఫ్. హక్, ఫిలిప్పా గ్యారెటీ, డేవిడ్ హెమ్స్‌లీ ఈ పద్ధతిని భ్రమలున్న రోగుల మీద ప్రయోగించారు. ‘పొరుగువాళ్లు నా మీద కుట్ర పన్నుతున్నారు’ లాంటి నమ్మకం కేవలం వింత అనుభవాల వల్లే పుడుతుందా, లేక ఆధారాలను తూచే పద్ధతిలోనే ఏదైనా తేడా ఉందా అన్నది వారి ప్రశ్న. పూసలతో ఎవరికీ పగా ప్రేమా ఉండవు కాబట్టి, తూచే పద్ధతిని విడిగా చూడటానికి అవి అనువుగా కనిపించాయి.

భ్రమలున్నవారు మిగతావారి కంటే తక్కువ పూసలకే నిర్ణయానికి వచ్చారు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. 85, 15 జాడీల లెక్క ప్రకారం రోగుల తీరే బేయస్ సూత్రానికి దగ్గరగా ఉంది. మిగతావారే అవసరానికి మించి పూసలు అడిగారు. ఎడ్వర్డ్స్ చెప్పిన సంప్రదాయవాదం ఆరోగ్యవంతుల్లో కనిపించిందే తప్ప రోగుల్లో అంతగా లేదు. ఈ సంగతిని పరిశోధకులే తమ వ్యాసంలో ప్రస్తావించారు. అయినా తర్వాత స్థిరపడిన పేరు మాత్రం ‘తొందరపాటు నిర్ణయాల ధోరణి’. 1991లో గ్యారెటీ, హెమ్స్‌లీ, సైమన్ వెస్లీ చేసిన ప్రయోగంలో తొందరతో పాటు ఇంకో లక్షణమూ బయటపడింది. రంగు మారిన పూస ఒకటి కనపడగానే భ్రమలున్నవారు తమ అంచనాను మిగతావారి కంటే ఎక్కువగా మార్చేసుకున్నారు.

మార్పులు

85, 15 జాడీ మరీ సులువన్న విమర్శకు జవాబుగా 60, 40 జాడీ వాడుకలోకి వచ్చింది. 1997లో రాబర్ట్ డడ్లీ బృందం పూసల స్థానంలో ఒక మనిషి గురించి ఇతరులు చెప్పిన మంచి చెడ్డ మాటలు పెట్టి చూసింది. విషయం మనసుకు తగిలేదైతే జనం మరింత త్వరగా తేల్చేస్తారని అందులో కనిపించింది. తర్వాత జర్మనీలో స్టెఫెన్ మోరిట్జ్, కెనడాలో టాడ్ వుడ్‌వర్డ్ బృందాలు చెరువులు, చేపలతో ఇదే పరీక్షను మలిచాయి. జాడీ కంటే చెరువు జనానికి తేలిగ్గా అర్థమవుతుంది. ఏ చెరువులో పట్టిన చేపో చెప్పమంటే చాలు.

ఫలితాల మీద చర్చ

2016లో డడ్లీ బృందం 55 అధ్యయనాలను కలిపి లెక్కించగా, సైకోసిస్ (భ్రమలు, భ్రాంతులు కలిగే మానసిక స్థితి) ఉన్నవారు మిగతావారి కంటే సగటున 1.4 నుంచి 1.7 పూసలు తక్కువగా అడుగుతున్నారని తేలింది. తేడా ఉన్నమాట నిజం, కానీ అది రెండు పూసలకు లోపే.

ఆ తేడాకు కారణం భ్రమలేనా అన్నది వేరే ప్రశ్న. కొందరు పరీక్షను సరిగ్గా అర్థం చేసుకోవడం లేదు. మధ్యలో జాడీ మారిపోయిందని అనుకుంటున్నారు. ఎర్రపూసల తర్వాత ఒక్క నీలిపూస రాగానే జాడీ పేరు మార్చేవారు ఇలాంటివారే కావచ్చునని ఆస్ట్రేలియాలో ర్యాన్ బాల్జాన్ బృందం చూపింది. ఇంకొందరికి పరీక్ష త్వరగా ముగించుకుని ఇంటికి వెళ్లాలన్న ఆత్రం ఉండవచ్చు. 2020లో వెలువడిన ఒక బహుళదేశ అధ్యయనంలో తొలిసారి సైకోసిస్‌కు లోనైన 817 మంది, జనాభా నుంచి తీసుకున్న 1,294 మంది పాల్గొన్నారు. రెండు వర్గాల మధ్య పూసల తేడాలో ఎక్కువ భాగం తెలివితేటల సూచికలోని తేడాతోనే వివరించవచ్చని అది చెప్పింది. అంతకు ముందే, 2015లో, రాబర్ట్ రాస్ బృందం భ్రమల తీవ్రతకు, అడిగిన పూసల సంఖ్యకు ఉన్న సంబంధం బలహీనమైనదేనని లెక్క తేల్చింది. పూసల పరీక్ష విషయంలో మనమే తొందరపడి తేల్చేస్తున్నామా అన్న చమత్కారపు ప్రశ్న ఆ వ్యాసానికి శీర్షిక.

చికిత్సలో

మోరిట్జ్, వుడ్‌వర్డ్ 2007లో పరిచయం చేసిన ‘మెటాకాగ్నిటివ్ ట్రైనింగ్’ ఈ పరిశోధనల నుంచే పుట్టింది. ఇందులో గీతల బొమ్మను కొంచెం కొంచెంగా పూర్తి చేస్తూ చూపి, అది ఏమిటో చెప్పమంటారు. ముందే చెప్పినవారి ఊహ తర్వాతి గీతతో తారుమారవుతుంది. ఆగి చూడటం వల్ల లాభమేమిటో రోగికి తన అనుభవంలోనే తెలిసిరావాలన్నది ఉద్దేశం. బ్రిటన్‌లో గ్యారెటీ బృందం నెమ్మదిగా ఆలోచించడాన్ని అలవాటు చేసే ‘స్లోమో’ చికిత్సను రూపొందించి, 361 మందితో చేసిన పరీక్ష ఫలితాలను 2021లో ప్రచురించింది. ఇతరులు హాని తలపెట్టారన్న అనుమానాన్ని కొలిచే ప్రధాన సూచికలో 24 వారాల తర్వాత గణాంకపరంగా గట్టి తేడా రాలేదు. మరికొన్ని కొలతల్లో మెరుగుదల కనిపించింది.

పరిమితులు

ఈ పరీక్షతో రోగనిర్ధారణ చేయరు. రెండు పూసలకే తేల్చేసేవాళ్లు ఆరోగ్యవంతుల్లోనూ ఉన్నారు. ఇరవై దాకా ఆగేవాళ్లు రోగుల్లోనూ ఉన్నారు. చాలాకాలం పాటు ఒక్కో వ్యక్తికి ఒకే వరుస, ఒకే సారి చూపించి వదిలేసేవారు. ఆ ఒక్క జవాబుతో మనిషి స్వభావాన్ని నిర్ణయించడం మొదటి పూసకే జాడీని తేల్చడం లాంటిదేనని గుర్తించిన పరిశోధకులు ఇప్పుడు అదే పరీక్షను వరుసలు మార్చి, ఒకే వ్యక్తికి పలుమార్లు పెడుతున్నారు.