రహదారి, సరిహద్దు



తెలుగువాళ్లు రోజూ వాడే రెండు మాటలు మన జబాన్ దారిలోనే తెలుగులోకి వచ్చాయి. ఒకటి రహదారి, రెండోది సరిహద్దు. ఫార్సీలో ‘రాహ్‌దారీ’ అంటే బాట మీద వసూలు చేసే సుంకం. తెలుగులోకి వచ్చాక ఆ పేరు బాటకే నిలిచిపోయింది. ‘సర్‌హద్’ సంగతి మీకు చెప్పేదేముంది! ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల వైపు సఫర్ చేసిన ప్రతిసారీ ఈ రెండు మాటల మధ్య జగడం నా కళ్లకు కనిపిస్తుంది.

ఒకసారి మగ్రిబ్ వేళ ఆ వైపు ఒక బస్టాండులో దిగాను. నాతో పాటు ఒక కోయతల్లి దిగింది. చంకలో బిడ్డ, చేతిలో ఆసుపత్రి కాగితాలు. ఆమె ఊరివైపు పోయే ఆఖరి బస్సు పది నిమిషాల కింద వెళ్లిపోయిందట. “ఇప్పుడెట్లమ్మా?” అని అడిగాను. “తెల్లారేదాకా ఈడనే అన్నా” అంది. గొంతులో షికాయత్ లేదు, అలవాటు మాత్రమే ఉంది. మా బస్సు తన వక్త్‌కే వచ్చింది. ఆ బస్సు తన వక్త్‌కే పోయింది. ఆ రెండు వక్త్‌లనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు, అంతే. ఆ రాత్రి నుంచే ఈ తారీఖ్ తవ్వడం మొదలుపెట్టాను.

మన ఇళ్లలో బస్సు మాట వస్తే పెద్దవాళ్లు ముందు ‘జెడ్’ కథ చెప్తారు. ఆర్టీసీ బస్సు నంబర్లలో ఉండే ఆ అక్షరం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన అమ్మీజాన్ జహ్రా బేగం యాద్‌గా పెట్టించిందని. చెప్పేటప్పుడు వాళ్ల కళ్లల్లో మెరుపు చూడాలి! నాకూ ఆ కథంటే ఇష్టమే. కానీ ఫఖర్‌గా చెప్పుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది.

1930లో నిజాం సర్కార్ రైల్వేను అంగ్రేజు కంపెనీ చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, ఆ రైల్వేలోనే ఒక భాగంగా రోడ్డు రవాణా శాఖ పుట్టింది. 27 బస్సులు, 166 మంది ములాజిములు. వేరే మహకమా పెట్టకుండా రైల్వే చేతికే బస్సులు ఎందుకు ఇచ్చారు? రైలూ బస్సూ ఒకదాని ముసాఫిర్లను ఒకటి లాక్కోకుండా, ఒకటి దించిన మనిషిని రెండోది ఎక్కించుకోవాలని. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. అప్పట్లో హిందూస్థాన్‌లో ఇది కొత్త ఆలోచన.

1951లో ఆ ఇల్లు రెండయింది. రైళ్లు ఢిల్లీ సర్కార్ కిందికి, బస్సులు హైదరాబాద్ రాష్ట్ర సర్కార్ కిందికి పోయాయి. 1958 జనవరి 11న ఆ బస్సులే ఏపీఎస్‌ఆర్‌టీసీ అయ్యాయి. ఆ విడిపోవడానికి కొత్తగూడెంలో ఒక నిషానీ ఉంది. స్టేషన్ బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని రాసి ఉంటుంది. భద్రాచలం అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు! రైలు ఇక్కడిదాకే, మిగతాది రోడ్డు చూసుకుంటుందని ఆ పేరే చెప్తోంది. రైలు ఆలస్యమైతే బస్సు ఆగుతుందా లేదా అన్నది మాత్రం ఇప్పుడు ముసాఫిర్ నసీబ్.

ఇన్సాఫ్‌గా ఇంకో మాటా చెప్పాలి. నిజాం రియాసత్ గోదావరి కుడి ఒడ్డుతో సరి. బూర్గంపాడు ఇటు, భద్రాచలం అటు. ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, చర్ల, నూగూరు వైపు ముల్క్‌ను 1860 నాటి ఒప్పందంలో నిజాం సర్కార్ అంగ్రేజులకు వదిలేసింది. అడవిలో బతికే కోయవాళ్లను ఎవరూ అడగలేదు. తర్వాత ఆ ఒడ్డు మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిసింది. వాళ్లకు కచేరీ, కోర్టు అన్నీ నది కింది వైపు. పాపికొండల మధ్య పడవలూ లాంచీలే వాళ్ల సవారీ.

1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భద్రాచలం వంతెనను ప్రారంభించారు. దర్యా మీద బస్సు నడిచింది. వందేళ్ల సర్‌హద్ చెరిగిపోయింది. చర్ల, వెంకటాపురం, కూనవరం, చింతూరు – ఏ మూల నుంచి వచ్చినా భద్రాచలం బస్టాండే చౌరస్తా అయింది.

ఆ చౌరస్తా మీద 2014లో మళ్లీ గీత పడింది. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలో మిగిలింది. ఊరు దాటితే ఎటపాక, అంటే ఆంధ్ర. తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్లకు పోవాలంటే మధ్యలో ఆంధ్ర నేల తొక్కాలి. 2016లో వెంకటాపురం, వాజేడు మండలాలు కూడా జిల్లా మారాయి, ఇప్పుడు ములుగులో ఉన్నాయి. కూనవరం, చింతూరు 2022లో పాడేరు కేంద్రమైన జిల్లాలో చేరాయి. కాగితం మీద రాజధానులు, జిల్లాలు మారాయి గానీ జ్వరం వస్తే జనం కాళ్లు వెళ్లేది ఇప్పటికీ భద్రాచలం ఆసుపత్రికే. ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి కూడా వస్తారు.

మరి బస్సులు? 2020 నవంబర్‌లో రెండు ఆర్టీసీల మధ్య ఒప్పందం అయింది. తెలంగాణ బస్సులు 826, ఆంధ్రలో 1,61,258 కిలోమీటర్లు. ఆంధ్ర బస్సులు 638, తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు. తరాజూలో తూచినట్టు సరిపోయింది. ఆమదనీ పంచుకోవడానికి ఆ లెక్క జరూరీనే. కానీ ఆ కోయతల్లి పది నిమిషాలు ఆ లెక్కలో ఏ గడిలో పడతాయి?

టికెట్టుదీ అదే కథ. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి. ఆడవాళ్లకు ముఫ్త్ సఫర్ రెండుచోట్లా బర్కత్ ఉన్న పనే. అయితే ఎవరి పథకం వాళ్ల హద్దు లోపలే. సరిహద్దు మీద బతికే ఆడమనిషికి ఆసుపత్రి హద్దుకు అవతల ఉంటే ఆ బర్కత్ సగంలో ఆగిపోతుంది.

స్విట్జర్లాండ్‌లో కొండల మధ్య పల్లెలకు పసుపుపచ్చ పోస్టు బస్సులు నడుస్తాయి. 1987లో అక్కడి జనం ఓటు వేసి ఒప్పుకున్న రైల్వే పథకం అసలు సూత్రం ఒక్కటే: ఒక కూడలికి అన్ని వైపుల రైళ్లూ బస్సులూ ఇంచుమించు ఒకే వేళకు చేరాలి, ముసాఫిర్లు మారాక ఒకే వేళకు బయల్దేరాలి. మన భద్రాచలానికి ఇంతకన్నా సరిపోయే తర్కీబ్ లేదు. కొత్తగూడెం, ఖమ్మం బస్సులు, చర్ల, కూనవరం, చింతూరు బస్సులు రోజుకు మూడు వేళల్లో అయినా ఇలా కలుసుకుంటే చాలు. పొద్దున ఆసుపత్రి వేళకు ఒకటి, మధ్యాహ్నం సంతల వేళకు ఒకటి, సాయంత్రం ఆఖరి బస్సుకు ఒకటి. ఆఖరి బస్సు మాత్రం అవతలి బస్సు వచ్చేదాకా కదలకూడదు. దానికి రెండు రాష్ట్రాల డిపో మేనేజర్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటే సరిపోతుంది.

కూర్చోలేరా? శ్రీరామనవమికి ప్రతి ఏడూ ఇంతెజాం చేస్తూనే ఉన్నారు కదా. ఎక్కడెక్కడి డిపోల నుంచో స్పెషల్ బస్సులు వేసి జనాన్ని ఇంటికి చేరుస్తున్నారు. ఆ ఇంతెజాం చూసి నేను ఎన్నోసార్లు షాబాష్ అనుకున్నాను. పండగనాటి ముసాఫిర్‌కు ఉన్న హక్ మామూలు మంగళవారం నాటి ముసాఫిర్‌కూ ఉండాలి.

జెడ్ కథ మన పిల్లలకు చెప్పండి, తప్పకుండా చెప్పండి. దానితో పాటు ఆ 27 బస్సులు రైల్వే ఇంట్లో ఎందుకు పుట్టాయో కూడా చెప్పండి. మన దీన్‌లో ముసాఫిర్‌కు, అంటే ఇబ్నుస్సబీల్‌కు, జకాత్‌లోనే హిస్సా రాసి ఉంది. బాటలో చిక్కుకున్న మనిషిని ఇల్లు చేర్చడం ఖైరాత్ కాదు, అతని హక్ చెల్లించడం. ఆ రాత్రి బస్టాండు బెంచీ మీద బిడ్డను పడుకోబెట్టుకున్న ఆ తల్లికి మన మీద ఆ హక్ ఇంకా బాకీ ఉంది.